గౌతమీపుత్ర శాతకర్ణి: రాతి మీద నిలిచిన పేర్లు

పదో తరగతి సాంఘిక శాస్త్రం నుంచి గ్రూప్స్ గైడ్ల దాకా మనందరినీ వెంటాడే పేరు గౌతమీపుత్ర శాతకర్ణి. త్రిసముద్రతోయపీతవాహనుడు అనే బిరుదు ఎవరిది, శక క్షత్రపుడు నహపాణుణ్ణి ఓడించింది ఎవరు అని అడిగితే మన హాస్టల్ వరండాలో కూర్చున్న ఏ తమ్ముడైనా తడుముకోకుండా చెబుతాడు. 2017 సంక్రాంతికి ఆయన పేరుతో సినిమా వచ్చాక బడి మెట్లు ఎక్కని మన పెద్దవాళ్లకు కూడా ఆయన తెలిశాడు. గుర్రం మీద కత్తి పట్టుకున్న వీరుడిగా తెలిశాడు.

మేము కూడా చాలాకాలం ఆయన్ని ఒక మార్కు బిట్టుగానే గుర్తు పెట్టుకున్నాం. పీజీలో శాసనాలు చదవడం మొదలుపెట్టాక మరో శాతకర్ణి కనిపించాడు. బౌద్ధ భిక్షువులకు పొలం దానమిచ్చి, ఆ పొలం పనికిరాలేదని తెలిసి దాన్ని మార్చి ఇచ్చిన రాజు ఆయన. చనిపోయిన చాలా ఏళ్లకు కన్నతల్లి రాతి మీద తలచుకున్న కొడుకు. నాలుగు వర్ణాలు కలవకుండా ఆపాడని పొగడ్త పొందిన పాలకుడు కూడా ఆయనే. ఈ చివరి మాట దగ్గర మనలాంటి వాళ్లం ఆగకుండా ముందుకు పోలేం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఆయన జీవితాన్నే ఎంచుకున్నాం.

పడమటి తీరంలో పోరు

శాతవాహనుల రాజధాని గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం, ఇప్పటి మహారాష్ట్రలోని పైఠాన్. శాతకర్ణి సింహాసనం ఎక్కేనాటికి వంశం కష్టాల్లో ఉంది. ఆయన పాలన క్రీ.శ. 78 నుంచి 102 వరకు అని మన పాఠ్యపుస్తకాలు రాశాయి. మరికొందరు చరిత్రకారులు రెండో శతాబ్దం మొదటి పాదానికి జరుపుతారు. ఏ లెక్క తీసుకున్నా ఆయన చేతికి వచ్చింది ముక్కలైన రాజ్యమే. క్షహరాట వంశపు శక క్షత్రపుడు నహపాణుడు నాసిక్, కార్లే ప్రాంతాలతో సహా పడమటి భూములను ఆక్రమించి ఉన్నాడు.

ఆ భూముల కోసం అంత పోరు ఎందుకు జరిగింది? సముద్ర వ్యాపారం కోసం. రోము సామ్రాజ్యం నుంచి వచ్చే ఓడలు భరుకచ్ఛం, సోపారా, కళ్యాణ్ రేవుల్లో ఆగేవి. దక్కను లోపలి నుంచి నూలు బట్టలు, విలువైన రాళ్లు బండ్ల మీద కనుమలు దాటి ఆ రేవులకు చేరేవి. కళ్యాణ్ రేవుకు వచ్చిన గ్రీకు ఓడలను కాపలా పెట్టి భరుకచ్ఛానికి మళ్లించేవారని ఆ కాలపు ఒక గ్రీకు నావికుడి గ్రంథం చెబుతుంది. రేవు పోతే సుంకం పోతుంది. సుంకం పోతే సైన్యానికి జీతం ఉండదు.

ఈ కనుమ దారుల పక్కనే బౌద్ధ గుహలు ఉండటం గమనించాలి. నాసిక్, కార్లే, జున్నర్, కన్హేరీ అన్నీ దాదాపు బాటల మీద ఉన్నవే. వర్తకులు ఆ దారుల్లో నడిచారు, భిక్షువులు వానాకాలం మూడు నెలలు ఆ కొండల్లో ఆగారు. వర్తకుడి దగ్గర డబ్బు ఉంది, భిక్షువుకు నీడ కావాలి. ఆ రెండూ కలిసిన చోట కొండలు విహారాలుగా మారాయి.

శత్రువులు కూడా ఈ పనిలో వెనకబడలేదు. నహపాణుడి అల్లుడు ఋషభదత్తుడు, శాసనాల్లో ఉషవదాతుడు, నాసిక్ కొండలో ఒక పెద్ద విహారం తొలిపించాడు. ఇప్పుడు దాన్ని 10వ గుహ అంటారు. అక్కడి భిక్షువుల కోసం ఆయన 3,000 కార్షాపణాలను గోవర్ధనంలోని సాలెవాళ్ల శ్రేణుల దగ్గర డిపాజిట్ చేశాడు. 2,000 మీద నెలకు నూటికి ఒకటి చొప్పున వడ్డీ, 1,000 మీద నూటికి ముప్పావు. మొదటి వడ్డీతో విహారంలో వర్షాకాలం గడిపే ఇరవై మంది భిక్షువులకు బట్టల ఖర్చు ఇవ్వాలి. అసలు ఎప్పటికీ తీయకూడదు. అంటే ఆనాటి చేనేత శ్రేణి మన బ్యాంకు చేసే పనే చేసింది. రాజుగారి అల్లుడు తన డబ్బును మగ్గం నేసేవాళ్ల మాట మీద నమ్మి ఉంచాడు.

ముఖం మీద ముద్ర

శాతకర్ణి తన 18వ పాలనా సంవత్సరానికి నహపాణుడి రాజ్యాన్ని జయించి ఉన్నాడు. ఆ గెలుపుకు సాక్ష్యం నాసిక్ దగ్గర జోగల్ తంబి అనే చోట 1906లో దొరికింది. భూమిలో పాతిన కుండలో 13,000కు పైగా వెండి నాణేలు. అన్నీ నహపాణుడివే. వాటిలో 9,000కు పైగా నాణేల మీద శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. నహపాణుడి ముఖం మీద మూడు కమానుల కొండ గుర్తు, దాని చుట్టూ తన పేరు, వెనక వైపు నాలుగు వలయాల ఉజ్జయిని గుర్తు.

గెలిచిన రాజు ఆ వెండిని కరిగించి కొత్త నాణేలు పోయించవచ్చు. ఆయన అలా చేయలేదు. అవే నాణేలు సంతలో నడుస్తూ ఉండాలి, కానీ ఇప్పుడు రాజు ఎవరో ప్రతి చేతికీ తెలియాలి. ఆ నాణెం మీద మొదట పడిన పేరు గౌతమి. రాజు తనను శాతకర్ణి అని మాత్రమే చెప్పుకోలేదు, గౌతమి కొడుకునైన శాతకర్ణిని అని చెప్పుకున్నాడు. తల్లి పేరు వాడినంత మాత్రాన అది స్త్రీల రాజ్యం అనుకోకూడదు. సింహాసనం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లింది. అయినా దేశమంతా తిరిగే వెండి మీద ఒక తల్లి పేరు కనిపించడం చిన్న సంగతి కాదు.

దున్నని పొలం

ఆ 18వ సంవత్సరంలోనే, విజయం పొందిన సైన్యపు విడిది నుంచి శాతకర్ణి గోవర్ధనంలోని తన అమాత్యుడు విష్ణుపాలితుడికి ఒక ఆజ్ఞ పంపాడు. అది నాసిక్ కొండ మీద చెక్కి ఉంది. పడమటి కఖడి గ్రామంలో ఇదివరకు ఋషభదత్తుడి అనుభవంలో ఉన్న 200 నివర్తనాల పొలాన్ని త్రిరశ్మి కొండ మీది భిక్షువులకు ఇస్తున్నానని దాని సారాంశం. ఆ పొలంలోకి రాజభటులు రాకూడదు. అధికారులు దాన్ని ముట్టకూడదు. ఉప్పు కోసం తవ్వకూడదు. జిల్లా అధికారుల జోక్యం ఉండకూడదు. అదే సంవత్సరం కార్లే గుహల భిక్షువులకు కరజక గ్రామాన్ని ఇచ్చిన శాసనం కూడా ఉంది. ఆ ఊరిని కూడా అంతకుముందు ఋషభదత్తుడే దానం చేశాడు.

ఇందులో భక్తితో పాటు రాజనీతి కూడా ఉంది. కొత్త రాజు వచ్చాడు, పాత దానాల గతి ఏమిటని భిక్షువులు భయపడి ఉంటారు. వాటిని తన పేరు మీద మళ్లీ ఇచ్చి శాతకర్ణి ఆ భయం తీర్చాడు. నాణేల మీద శత్రువు ముఖాన్ని కొట్టినట్టే దానాల మీద కూడా తన ముద్ర వేశాడు. విహారాలు నిలిచాయి, బాటలు నిలిచాయి, వ్యాపారం సాగింది.

కథ అక్కడితో ఆగితే అది మామూలు రాజుల కథే. మాకు అన్నిటికంటే నచ్చిన శాసనం ఆ తర్వాతిది. 24వ సంవత్సరంలో అదే గోవర్ధనానికి, ఈసారి శ్యామకుడు అనే అమాత్యుడికి మరో ఆజ్ఞ వెళ్లింది. కఖడిలో మేము భిక్షువులకు పొలం ఇచ్చాం, కానీ ఆ పొలం ఎవరూ దున్నడం లేదు, ఆ ఊళ్లో జనం కాపురం ఉండటం లేదు అని ఆ ఆజ్ఞ ఒప్పుకుంటుంది. కాబట్టి దానికి బదులు నగరం సరిహద్దులో ఉన్న రాజు సొంత పొలంలో 100 నివర్తనాలు ఇవ్వమని చెబుతుంది.

మన ఊళ్లలో ఇలాంటివి ఎన్ని చూడలేదు? కాగితం మీద పట్టా ఉంటుంది, వెళ్లి చూస్తే రాళ్లగుట్ట. ఇచ్చామన్న లెక్క పూర్తవుతుంది, తీసుకున్నవాడి కడుపు నిండదు. రెండు వేల ఏళ్ల కిందట కూడా భూదానం అలాగే విఫలమైంది. తేడా ఏమిటంటే ఆ రాజు తన దానం ఫలించలేదన్న మాటను దాచిపెట్టలేదు. అందరూ చూసే గోడ మీద రాయనిచ్చాడు. సగమే ఇచ్చాడు నిజమే, కానీ ఈసారి పనికొచ్చే నేల ఇచ్చాడు.

ఆ రెండో ఆజ్ఞలో రాజు ఒక్కడే మాట్లాడలేదు. మహాదేవి, రాజమాత, కొడుకు బతికి ఉన్న తల్లి అన్న విశేషణాలతో గౌతమి కూడా కలిసి ఆజ్ఞ ఇచ్చింది. శాతకర్ణి పాలనలో మనకు తెలిసిన చివరి సంవత్సరం ఇదే. అప్పటికి రాజు జబ్బుపడి ఉండవచ్చని, అందుకే తల్లి పాలనలో చేయి వేసిందని కొందరు చరిత్రకారులు ఊహించారు. కారణం ఏదైనా, పొలం దున్నుతున్నారా లేదా అని ఆరా తీసిన ఆజ్ఞలో తల్లి పేరు ఉంది.

తల్లి చెప్పిన కొడుకు

శాతకర్ణి తర్వాత ఆయన కొడుకు వాసిష్ఠీపుత్ర పులోమావి రాజయ్యాడు. పులోమావి 19వ పాలనా సంవత్సరంలో, అంటే కొడుకు పోయిన దాదాపు రెండు దశాబ్దాలకు, వృద్ధురాలైన గౌతమీ బాలశ్రీ నాసిక్ కొండ మీద ఒక విహారాన్ని భద్రాయనీయ శాఖ భిక్షువులకు దానం చేసింది. అది ఇప్పటి 3వ గుహ. ఆ సందర్భంగా చెక్కించిన శాసనమే మన బిట్లన్నిటికీ మూలం.

అందులో ఆమె తనను మహారాజు తల్లినని, మహారాజు నాయనమ్మనని చెప్పుకుంది. సత్యం, దానం, ఓర్పు, అహింస, ఉపవాసాలతో బతుకుతున్నదాన్నని చెప్పుకుంది. మిగిలిన భాగంలో ఎక్కువగా కొడుకే ఉన్నాడు. ఆయన ఏలిన అస్సక, ములక, సురాష్ట్ర, అపరాంత, విదర్భ, అవంతి మొదలైన దేశాలు, వింధ్య నుంచి మహేంద్రం దాకా ఆయన అధీనంలోని పర్వతాలు వరుసగా వస్తాయి. ఆయన గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయి. శక, యవన, పహ్లవులను సంహరించాడు, క్షహరాటులను తుడిచిపెట్టాడు, శాతవాహన వంశపు కీర్తిని మళ్లీ నిలిపాడు.

అయితే అమ్మ చెప్పిన మాటల్లో గైడ్లలో రానివి కూడా ఉన్నాయి. ధర్మం ప్రకారం తప్ప పన్ను వేయలేదట. తప్పు చేసిన శత్రువు ప్రాణం తీయడానికి కూడా ఇష్టపడేవాడు కాదట. పౌరుల సుఖదుఃఖాలను తనవిగా చూసుకున్నాడట. అభయమిస్తూ ధార పోసిన నీళ్లతో ఆయన చేయి ఎప్పుడూ తడిగా ఉండేదట. తల్లికి సేవ చేయడంలో లోటు రానివ్వలేదట. పొగడ్త పొగడ్తే, అన్నిటినీ నమ్మనవసరం లేదు. కానీ యుద్ధాల చిట్టా మధ్యలో కొడుకు తనకు చేసిన సేవను గుర్తు చేసుకున్నది ఒక తల్లి కనుక అది రాతి మీదికి ఎక్కింది.

బౌద్ధ విహారం గోడ మీద ఆ కొడుకును రాముడితో, కేశవుడితో, అర్జునుడితో, భీముడితో పోల్చారు. ఇచ్చింది బుద్ధుడి సంఘానికి, పోలికలు పురాణాల నుంచి. శాతవాహన రాజులు వైదిక యజ్ఞాలు చేసినవాళ్లే. వాళ్ల కాలంలో ఈ రెండూ పక్కపక్కనే నడిచాయి.

ఆ గుహ శిల్పం గురించి చెప్పాలి. దాని నమూనా శత్రువు అల్లుడు తొలిపించిన 10వ గుహే, అయితే పనితనం దానికంటే ఎక్కువ. కొండనే తొలిచి చేసిన పెద్ద హాలు, చుట్టూ భిక్షువులు పడుకునే గదులు, లోపలి గోడ మీద చెక్కిన స్తూపం, దాని పక్కన మొక్కుతున్న స్త్రీలు. వాకిలి చుట్టూ సాంచీ తోరణాన్ని తలపించే చెక్కడం, రెండు పక్కలా పూలు పట్టుకున్న ద్వారపాలకులు. వరండా స్తంభాల తలల మీద జంతువులు. బుద్ధుడి మానవరూపం మాత్రం లేదు. ఆ దశలో ఆయన్ని స్తూపం, చక్రం, పాదాలు, బోధివృక్షం, ఖాళీ ఆసనం వంటి గుర్తులతోనే చూపేవారు.

అన్నిటికంటే ఆకట్టుకునేది ముందు భాగంలో అడుగున ఉంది. ఆరుగురు బలిష్ఠులైన మనుషులు నేలలోంచి లేచినట్టు సగం దేహాలతో ఉన్నారు. గుహ బరువంతా మోస్తున్న దూలాలు వాళ్ల భుజాల మీద ఉన్నాయి. శిల్పశాస్త్రం చదివినవారు వాళ్లను యక్షులు అంటారు. మేము ఫోటోలో వాళ్లను చూసినప్పుడు మాకు రైలుపట్టాలు మోసే కూలీలు, ధాన్యం బస్తాలెత్తే హమాలీలు గుర్తొచ్చారు. పైన రాజు కీర్తి, కింద మోసేవాళ్లు. శిల్పి ఇద్దరికీ చోటిచ్చాడు.

ఆ గుహ అలంకరణ ఖర్చు కోసం మనవడు పులోమావి పిసాజిపదక గ్రామాన్ని ఇచ్చాడు. ఆ పుణ్యం తన తండ్రికి చెందాలని కోరాడు. రాజులు శిల్పకళను పోషించారు అని మనం ఒక్క ముక్కలో రాసేస్తాం. పోషించడం అంటే ఇదే. ఒక ఊరి పంటలో వచ్చే ఆదాయం ఉలి పట్టినవాడి కూలిగా మారడం. ఆ ఊరి రైతు చెమట కూడా ఆ శిల్పంలో ఉంది.

ఆగిన మాట

ఇప్పుడు మేము మొదట చెప్పిన మాట దగ్గరికి వద్దాం. శాతకర్ణి క్షత్రియుల గర్వం అణిచాడని, నాలుగు వర్ణాలు కలిసిపోకుండా ఆపాడని అదే శాసనం పొగిడింది. ద్విజుల కుటుంబాలనూ, కింది వారి కుటుంబాలనూ వృద్ధి చేశాడని కూడా చెప్పింది. కింది వాళ్లు బాగుపడవచ్చు, కానీ కింది వాళ్లుగానే ఉండాలి అన్నమాట. వర్ణాలు కలవకుండా ఆపడం రాజుకు గొప్ప అయిన కాలం అది. ఆయన గొప్పతనం చదివి పొంగిపోయే ముందు ఈ మాటను కూడా చదవాలి. ఇది దాచిపెట్టి చెప్పే చరిత్ర మనకు అక్కర్లేదు.

అయితే ఆ ఆపడం ఎంతకాలం నిలిచింది? ముంబయి దగ్గర కన్హేరీ గుహల్లో ఒక నీటితొట్టి పక్కన శాసనం ఉంది. వాసిష్ఠీపుత్ర శాతకర్ణి అనే శాతవాహన రాజు భార్య కార్దమక వంశానికి చెందినదని, మహాక్షత్రపుడి కూతురని అది చెబుతుంది. కార్దమకులు శకులు. ఈ రాజు పులోమావికి తమ్ముడని చరిత్రకారులు భావిస్తారు, అంటే గౌతమీపుత్రుడి కొడుకే. ఆ కూతురి తండ్రి రుద్రదాముడని ఎక్కువమంది అభిప్రాయం. రుద్రదాముడు క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించానని, దగ్గరి బంధుత్వం వల్ల నాశనం చేయకుండా వదిలేశానని రాయించుకున్నాడు.

శకులను సంహరించాడని, వర్ణసంకరం ఆపాడని పేరు పొందిన రాజు ఇంటికే శకుల పిల్ల కోడలిగా వచ్చింది. ఆ బంధుత్వమే వంశాన్ని కాపాడింది. మనుషులను విడదీసి ఉంచుతామనే గొప్పలు రాజుల ఇళ్లలో కూడా రెండు తరాలు నిలవలేదు.

అమరావతిలో అందరి పేర్లు

నాసిక్‌లో నాయనమ్మ గుహ దానం చేసిన పులోమావి కాలంలోనే, ఇటు తూర్పున కృష్ణ ఒడ్డున ధాన్యకటక మహాచైత్యం కొత్త రూపు దిద్దుకుంటోంది. అదే మన అమరావతి. అక్కడి స్తూపం అంతకు కొన్ని శతాబ్దాల ముందే మొదలైంది. దాని చుట్టూ ఎత్తైన ప్రాకారం, ఒళ్లంతా చెక్కిన ఫలకాలు వచ్చి అది శిఖరం అందుకున్నది క్రీ.శ. మొదటి, రెండు శతాబ్దాల్లో. పులోమావి పేరుతో అక్కడ దొరికిన శాసనంలో ఒక గృహస్థుడి కుటుంబం మహాచైత్యం పడమటి ద్వారం దగ్గర ధర్మచక్రాన్ని దానం చేసిన సంగతి ఉంది.

పరీక్షల కోసం మనం మూడు శైలులు చదువుతాం. గాంధార, మధుర శైలులకు కుషాణులు, అమరావతి శైలికి శాతవాహనులు, వారి తర్వాత ఇక్ష్వాకులు. రాయి కూడా వేరు. గాంధారలో బూడిదరంగు పలకరాయి, ఒంటి నిండా గ్రీకు పద్ధతి మడతల వస్త్రం. మధురలో ఎర్ర ఇసుకరాయి, నిండైన దేహం. అమరావతిలో పల్నాటి సున్నపురాయి. మెత్తగా ఉలికి లొంగే రాయి కనుక సన్నని పొడవాటి దేహాలు, గుంపులు గుంపులుగా కదిలే మనుషులు అందులో పలికారు. చెన్నై మ్యూజియంలో ఉన్న నలగిరి ఏనుగు ఫలకం అందుకు పేరు పొందింది. ఒకే వృత్తంలో మదపుటేనుగు వీధిలో జనాన్ని తరుముతుంది, అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. మేడ మీద నుంచి స్త్రీలు భయంగా చూస్తుంటారు. గుర్తులతో మొదలైన శిల్పం ఇక్కడికి వచ్చేసరికి బుద్ధుణ్ణి మనిషిగా చూపించింది.

ఈ శిల్పాలు చాలావరకు మన దగ్గర లేవు. 1797లో కల్నల్ మెకంజీ మొదట చూసేనాటికే స్తూపం రాళ్లను కొత్త కట్టడాలకు తీసుకుపోతున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి తర్వాత లండన్ చేరి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవి ఎక్కువగా చెన్నైలో, కొన్ని అమరావతిలో.

రాళ్లు ఎక్కడున్నా వాటి మీది పేర్లు చెరగలేదు. ఇన్ని రాళ్లు ఎవరిచ్చారు అని చదివితే రాజుల పేర్లు తక్కువ. సుగంధ ద్రవ్యాలు అమ్మేవాడు, వర్తకుడు, గృహిణి, భిక్షుణి, ఇలా ఎవరికి తోచింది వాళ్లు ఇచ్చారు. ఒకరు స్తంభం ఇచ్చారు, ఒకరు పలక, ఒకరు దీపస్తంభం. సాంచీలో కూడా అంతే. అక్కడ దక్షిణ తోరణం మీద శాతకర్ణి అనే మరో శాతవాహన రాజు శిల్పుల పెద్ద ఆనందుడి పేరు ఉంది. అదే తోరణం మీద చెక్కడం పని చేసింది విదిశ దంతపు పనివాళ్లని రాసి ఉంది. రాజు శాంతినీ బాటనూ భూమినీ ఇస్తే, కళను నిలబెట్టింది వీళ్లు.

అమరావతి దాతల్లో విధికుడు ఒకడు. ఆయన చర్మకారుడు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, బంధువులు, స్నేహితులు అందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక రాతి పలకను మహాచైత్యానికి ఇచ్చాడు. తన వృత్తిని దాచుకోలేదు, పేరు పక్కనే రాయించుకున్నాడు. ఆనాటి చర్మకారుడి బతుకు, తర్వాతి శతాబ్దాల అంటరానితనం రెండూ ఒకటే అని మేము అనడం లేదు. కానీ నాలుగు వర్ణాలు కలవకుండా ఆపడం ఘనత అని రాజశాసనాలు చెప్పిన యుగంలోనే, తోలు పని చేసే ఒక కుటుంబం ఇచ్చిన రాయి వర్తకుల రాళ్ల పక్కన, భిక్షుణుల రాళ్ల పక్కన ఒకే స్తూపానికి అమరింది. నాసిక్ శాసనం కలవకూడదన్న మనుషులు ఈ స్తూపం గోడలో కలిశారు.

మన కాగితాల మీద

2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి శిల్పం ఆధారంగా కొత్త రాజముద్రను ప్రకటించింది. ధర్మచక్రం మధ్యలో పూర్ణఘటం. ఆ పూర్ణఘటం చర్మకార కుటుంబానికి చెందిన విధికుడిదేనని ప్రకటనలో చెప్పారు. అంటే మన కుల ధ్రువీకరణ పత్రం మీద, ఆదాయ ధ్రువీకరణ పత్రం మీద ఉన్న కుండ ఆయన ఇచ్చిందే. మేము ఈ సంగతి చదివిన రోజు ట్రంకు పెట్టె తీసి పాత సర్టిఫికెట్లన్నీ మళ్లీ చూసుకున్నాం. కులం అనే గడి పైన, ముద్ర మధ్యలో, విధికుడి పూర్ణఘటం. ఇన్నేళ్లూ ఆ ముద్రను ఆఫీసర్లదే అనుకున్నాం.

గౌతమీపుత్ర శాతకర్ణిని మేము తక్కువ చేయడం లేదు. తెగిన రాజ్యాన్ని కలిపాడు. పరాయి మతం అనుకోకుండా భిక్షువులకు అండగా నిలిచాడు. పనికిరాని దానాన్ని ఒప్పుకుని మార్చాడు. తల్లి పేరును తన పేరుకు ముందు పెట్టుకున్నాడు. ఇవి నేర్చుకోవాల్సినవి. వర్ణాలను విడదీసి ఉంచడం గొప్ప అనుకున్నాడు. ఇది నేర్చుకోకూడనిది. ఒకే మనిషిలో ఈ రెండూ ఉన్నాయని చెప్పగలగడమే చరిత్ర చదవడం అని మేము అనుకుంటున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి బిట్టు పేపర్లో శాతకర్ణి పేరు వస్తే జవాబు గుర్తించి ముందుకు వెళ్లండి, మార్కు ముఖ్యమే. కానీ సెలవుల్లో అమరావతి మ్యూజియానికో నాగార్జునకొండకో వెళ్లే అవకాశం వస్తే వదులుకోవద్దు. శిల్పాన్ని చూశాక దాని అంచున ఉన్న అక్షరాలను కూడా చూడండి. అవి చదవడం వచ్చినవాళ్లు దేశంలో బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో మన హాస్టల్ నుంచి కూడా ఎవరైనా ఉండాలని మా కోరిక. మా ఇంట్లో పట్టా మీద అచ్చయిన మొదటి పేరు మాది. ఆ రోజు మా అమ్మ అందులో అక్షరాలు చదవలేకపోయినా పేరున్న చోటును వేలితో తడిమి చూసుకుంది. విధికుడి తల్లి కూడా ఆ పలక నిలబెట్టిన రోజు అలాగే తడిమి ఉంటుందని మాకు అనిపిస్తుంది.